మెహ్మాన్ బిస్తర్: మూడో పరుపు కథ

పోయిన రంజాన్ ఈద్ తర్వాత మా ఖాలా ఊరి నుంచి వచ్చి నాలుగు రోజులున్నారు. మా కొత్త ఫ్లాట్‌లో మెహ్మాన్‌ల కోసమని ఒక గది ఉంది. తెల్లటి దుప్పటి, గోడకు ఫ్రేములు, మూలన దీపం. అయినా ఖాలా హాల్లోనే పడుకున్నారు. "పర్వాలేదు బేటా, ఇక్కడ గాలి బాగా వస్తుంది" అన్నారు. అసలు సంగతి నాకు తెలుసు. ఆమె పాన్ తింటారు, ఆ తెల్ల దుప్పటి మీద మరక పడుతుందేమోనని మా ఇంట్లో అందరి భయం. ఆ భయం ఆమెకు అర్థమైంది. గదికి తాళం లేదు, కానీ తాళం వేసినట్టే ఉంది.

ఇప్పుడు మా అమ్మాయి ఆ గదిని మళ్లీ మార్చాలంటోంది. "అబ్బా, మొరాకన్ స్టైల్ చేద్దామా, మినిమలిస్ట్ స్టైలా?" అని ఫోన్‌లో ఫోటోలు చూపిస్తోంది. జవాబు చెప్పేముందు మన వాళ్లు మెహ్మాన్‌కు ఎలా చోటిచ్చేవాళ్లో ఒకసారి గుర్తు చేసుకోవాలనిపించింది.

పాత దక్కనీ ఇళ్లలో మెహ్మాన్‌ల కోసం విడిగా పడకగది ఉండేది కాదు. దివాన్‌ఖానా ఉండేది. పగలు నేల మీద శత్రంజీ, దాని మీద తెల్లటి చాందినీ, గోడవారన గావ్‌తకియాలు. పక్కన పాన్‌దాన్, ఉగాల్‌దాన్. వేళయితే అక్కడే దస్తర్‌ఖాన్ పరిచేవారు. రాత్రి కాగానే అదే చోట బిస్తర్ పడేది. తెల్లారాక బిస్తర్ చుట్టేస్తే గది మళ్లీ ఖాళీ. జనానాకు పర్దా ఉండేది కనుక బయటి మర్దులకు దివాన్‌ఖానా, ఆడ మెహ్మాన్‌లకు లోపలి గదులు. ఎంత పేద ఇల్లయినా ఒక బిస్తర్ మాత్రం విడిగా చుట్టి దాచేవారు. ఈ రోజు మినిమలిస్ట్ అని డబ్బు పోసి చేయించుకుంటున్న ఖాళీ గది మన దాదీమాల ఇళ్లలో రోజూ పొద్దున్నే తయారయ్యేది. మొరాకన్ స్టైల్ అని చూపించే ఎత్తు తక్కువ మెత్తలు, గోడవారి దిండ్లు మన గావ్‌తకియాకు దూరపు చుట్టాలే.

మంచం మీద పరిచే గుడ్డకు మన కోస్తాలోనే పెద్ద తారీఖ్ ఉంది. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం వాళ్ల ముఖ్యమైన బందర్‌గాహ్. 1611లో ఇంగ్లీషు వర్తకులు అక్కడ దిగారు. ఇరానీ వ్యాపారులు అప్పటికే ఉన్నారు. కలంతో గీసే అద్దకం గనుక దానికి కలంకారీ అన్న ఫార్సీ పేరు నిలిచింది. చిరివేరుతో ఎరుపు, ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో నలుపు, నీలిమందుతో నీలం. ఒక పెద్ద చెట్టు, కొమ్మలనిండా పువ్వులు, పిట్టలు వేసిన ఆ మంచం గుడ్డను పలంగ్‌పోష్ అనేవారు. పలంగ్ అంటే మంచం, పోష్ అంటే కప్పేది. ఇంగ్లీషువాళ్ల నోట్లో అది పాలంపోర్ అయింది. యూరప్‌లో గొప్పవాళ్ల పడకగదుల్లో మంచాల మీద, గోడల మీద, తెరల మీద అదే. తమ నేతగాళ్ల రోజీ పోతోందని ఫ్రాన్స్ 1686లో అద్దకం నూలుగుడ్డలను నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో దిగుమతిపై చట్టం చేసింది, 1721లో వాడకంపైనా చేసింది. మన బందరు దుప్పటికి భయపడి రెండు రాజ్యాలు కానూన్లు చేశాయి!

తర్వాత గాలి అటునుంచి ఇటు తిరిగింది. హైదరాబాద్ అమీర్లకు విలాయతీ సామాన్లంటే మోజు పట్టింది. పాయిగా ఖాందాన్‌కు చెందిన వికారుల్ ఉమ్రా 1884లో ఫలక్‌నుమాకు పునాది వేశారు. ఇటాలియన్ పాలరాయి, షాండ్లియర్లు, నూటొక్క మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల. ఆ ఖర్చుతో ఆయన అప్పులపాలయ్యారని హైదరాబాద్‌లో చెప్పుకుంటారు. 1897 నాటికి అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చి, షాహీ మెహ్మాన్‌ఖానా అయింది. వైస్రాయ్‌లు, విలాయత్ రాజకుమారులు అక్కడ దిగారు. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేశారు. ఆ తర్వాత చాలా ఏళ్లు తలుపులు మూసి ఉంది. 2010 నుంచి అది హోటల్. మెహ్మాన్‌ల కోసం కట్టిన ఇంట్లో ఇప్పుడు డబ్బు కట్టి మెహ్మాన్ అవ్వాలి.

ఈ వైభవాల మధ్య మన తారీఖ్‌లో ఎవరూ రాయని పేజీ ఒకటుంది. అది పరుపు చేసినవాళ్లది. దూదేకుల, నూర్‌బాషా, పింజారి, లదాఫ్ అని రకరకాల పేర్లతో పిలిచే మన తెలుగు ముస్లిం బిరాదరీ భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగేది. వాకిట్లో కూర్చుని పాత పరుపు విప్పి, గట్టిపడిన దూదిని ఏకి, మళ్లీ నింపి కుట్టేవారు. ఆ తీగ మోత వినిపిస్తే పెళ్లో, పండగో, చుట్టాల రాకో ఉందని వీధికి తెలిసేది. హిందువుల ఇంట్లో కొత్తల్లుడు పడుకున్నదీ, ముస్లింల ఇంట్లో సమ్‌ధీ పడుకున్నదీ వాళ్ల చేతి దూది మీదే. ఫోమ్ పరుపులు, మిషన్లు వచ్చాక ఆ విల్లు అటకెక్కింది. ఫలక్‌నుమా బల్ల పొడవు మనకు తెలుసు, వీళ్లలో ఒక్కరి పేరైనా తెలుసా?

సహీహ్ ముస్లింలో ఒక హదీస్ ఉంది. దాని భావం ఇది: ఇంట్లో ఒక పరుపు మగవాడికి, ఒకటి అతని భార్యకు, మూడోది మెహ్మాన్‌కు, నాలుగోది షైతాన్‌కు. అవసరానికి మించి, పదిమందికి చూపించడానికి పరిచేది ఆ నాలుగోది అని ఉలమా వివరించారు. మెహ్మాన్ పరుపు ఫజూల్ కాదు, అది హక్ అని కూడా ఇదే హదీస్ చెబుతోంది. ఇంటివాళ్ల పరుపుల తర్వాత లెక్కలోకి వచ్చేది మెహ్మాన్ పరుపే.

మా ఇంట్లో ఉన్న పరుపు మూడోదా, నాలుగోదా? ఖాలా హాల్లో పడుకున్న నాలుగు రాత్రులూ అది నాలుగోదే. ఇందులో తప్పు మా అమ్మాయిదీ కాదు, తెల్ల దుప్పటిదీ కాదు. ఇంటి పెద్దగా ఖాలా చేయి పట్టుకుని ఆ గదిలోకి తీసుకెళ్లాల్సింది నేను. తీసుకెళ్లలేదు.

అందుకే బేటీకి చెప్పాను: స్టైల్ నీ ఇష్టం, మూడు షర్తులు మాత్రం నావి. దుప్పటి మరక పడినా ఉతుక్కునేదిగా ఉండాలి, పెడన కలంకారీ అయితే మరీ మంచిది. మంచం పెద్దవాళ్ల మోకాళ్లకు తగ్గ ఎత్తులో ఉండాలి. జానమాజ్, నీళ్ల కూజా, ఖాలా కోసం ఉగాల్‌దాన్ అక్కడే ఉండాలి. ఆమె నవ్వి "ఉగాల్‌దాన్ ఏ స్టైల్‌లోకీ రాదు అబ్బా" అంది.

నిన్న ఖాలాకు ఫోన్ చేశాను. బక్రీద్‌కు వస్తారట, ఇన్షాఅల్లాహ్. "నా దుప్పటి నేను తెచ్చుకోనా బేటా?" అని అడిగారు. ఆ మాటకు గొంతు పెగల్లేదు. "వద్దు ఖాలాజాన్, మీ గదిలో ఉంది" అని మాత్రం అన్నాను.