తెలంగాణ యూనక్స్ చట్టం

తెలంగాణ యూనక్స్ చట్టం, 1329 ఫసలీ, నిజాం పరిపాలనా కాలంలో హైదరాబాదు సంస్థానంలో 1919లో చేయబడిన ఒక శాసనము. హిజ్రాల పేర్లు, నివాసాలు ఒక రిజిస్టరులో నమోదు చేయడానికి, వారి వేషధారణను, ఆటపాటలను నేరంగా పరిగణించడానికి ఈ చట్టం పోలీసులకు అధికారం ఇచ్చినది. భారత రాజ్యాంగం అమలులోకి వచ్చిన తరువాత కూడా ఇది రద్దు కాకుండా మిగిలిపోయినది. 2023 జూలై 6న తెలంగాణ హైకోర్టు ఈ చట్టం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పి కొట్టివేసినది. లైంగిక అల్పసంఖ్యాక వర్గాల మానవ హక్కులకు సంబంధించి తెలుగునాట వెలువడిన ముఖ్యమైన తీర్పులలో ఇది ఒకటి.

పేరు

చట్టం పేరులోని "యూనక్" అన్న ఆంగ్ల పదానికి తెలుగులో సాధారణంగా "నపుంసకుడు" అని అర్థం చెబుతారు. పత్రికలలో ఈ శాసనాన్ని "నపుంసకుల చట్టం" అని కూడా వ్రాశారు. లైంగిక సామర్థ్యం లేదని ఒప్పుకొన్న పురుషులు, వైద్య పరీక్షలో అలా తేలిన పురుషులు అందరూ యూనక్‌లేనని చట్టం నిర్వచించినది. అంటే ఒక వ్యక్తి తనను తాను ఏమనుకుంటున్నాడన్న విషయానికి ఇందులో చోటు లేదు. శరీరాన్ని పరీక్షించి తేల్చడమే పద్ధతి.

మొగలు, ఆసఫ్ జాహీ దర్బారులలో అంతఃపురాలను చూసుకొనేవారిని "ఖ్వాజాసరా" అని గౌరవంగా పిలిచేవారు. ఇందులోని ఖ్వాజా పదం నుండే తెలుగులోని "కొజ్జా" అనే మాట వచ్చినదని చెబుతారు. అది కాలక్రమేణా తిట్టుగా మారినది. హిజ్రా సమాజం ఆ పదాన్ని అవమానకరంగా భావిస్తుంది.

ఫసలీ అనేది నిజాం రాజ్యంలో రెవెన్యూ, పాలనా వ్యవహారాలకు వాడిన సంవత్సర గణన. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తు శకం వస్తుంది. ఆ లెక్కన 1329 ఫసలీ అంటే 1919.

నేపథ్యము

బ్రిటిషు ఇండియాలో 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చినది. కొన్ని సంచార జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసిన ఈ చట్టంలో రెండవ భాగం హిజ్రాలకు సంబంధించినది. వారి పేర్ల నమోదు, స్త్రీ వేషధారణపై శిక్ష, 16 ఏళ్ళ లోపు బాలురను వెంట ఉంచుకోవడంపై శిక్ష ఇందులోని ముఖ్యాంశాలు. 1911లో ఈ చట్టం స్థానంలో వచ్చిన కొత్త చట్టంలో హిజ్రాలకు సంబంధించిన ఆ భాగం లేదు. అయితే బ్రిటిషువారు విడిచిపెట్టిన అవే అంశాలతో 1919లో హైదరాబాదు సంస్థానం తన చట్టం చేసుకొన్నది. రెండు చట్టాల పోలిక చూస్తే 1871 నాటి శాసనమే దీనికి మాతృక అని తెలుస్తుంది.

అప్పటి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. మూసీ నది దక్షిణపు ఒడ్డున హైకోర్టు భవన నిర్మాణం 1919లోనే పూర్తి అయినది. దానిని 1920 ఏప్రిల్‌లో ఆయనే ప్రారంభించాడు. చట్టం పుట్టిన కాలంలోనే కట్టిన భవనంలో శతాబ్దం తరువాత ఆ చట్టం రద్దు అయినది.

చట్టంలోని ముఖ్యాంశాలు

* హైదరాబాదు నగరంలోను, ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించే ఇతర ప్రాంతాలలోను నివసించే హిజ్రాలలో, బాలురను అపహరిస్తున్నారని గాని, వారికి వృషణచ్ఛేదం చేస్తున్నారని గాని, "అసహజ నేరాలు" చేస్తున్నారని గాని అనుమానం ఉన్నవారి పేర్లు, చిరునామాలు రిజిస్టరులో వ్రాయాలి.
* రిజిస్టరులో పేరు ఉన్నవారు స్త్రీల దుస్తులతో గాని, నగలతో గాని వీధిలోను, బహిరంగ స్థలంలోను కనబడితే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చును. వీధిలోనికి కనబడాలనే ఉద్దేశంతో వేరే చోట ఉన్నా నేరమే.
* బహిరంగ స్థలంలో నాట్యం చేసినా, సంగీతం వాయించినా, వినోద ప్రదర్శనలో పాల్గొన్నా అదే నేరం. శిక్ష రెండేళ్ళ వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.
* 16 ఏళ్ళ లోపు బాలుడిని తమ ఇంటిలో గాని, తమ అధీనంలో గాని ఉంచుకొంటే రెండేళ్ళ వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.
* వృషణచ్ఛేదం చేసినవారికి, అందుకు తోడ్పడినవారికి ఏడేళ్ళ వరకు జైలు.

ఇందులో చివరి అంశం ఒక హింసాత్మక చర్యకు సంబంధించినది. అటువంటి చర్యకు సాధారణ శిక్షాస్మృతిలో ఎటూ శిక్ష ఉన్నది. మిగిలిన అంశాలలో ఎక్కువ భాగం ఒక వ్యక్తి ఎవరు, ఏమి కట్టుకొన్నారు అన్నదానినే నేరంగా చూసినవి. రిజిస్టరులోనికి ఎక్కడానికి నేరం రుజువు కానక్కరలేదు, అనుమానం చాలును.

పాతబస్తీతో సంబంధము

చట్టం నేరుగా వర్తించిన ప్రాంతం హైదరాబాదు నగరం. ఆనాటి నగరం అంటే ప్రధానంగా నేటి పాతబస్తీ. చార్మినారు, లాడ్ బజారు, ఖిల్వత్, హుస్సేనీ ఆలం, దూద్ బౌలి, షాలిబండ వంటి మొహల్లాలన్నీ దీని పరిధిలోనికి వచ్చినవే. వీటిలో హుస్సేనీ ఆలంకు ఆ పేరు అక్కడి ఆషూర్‌ఖానాలో ఉన్న, మొహర్రం మాసంలో ప్రతిష్ఠించే ఆలం అనే పవిత్ర చిహ్నం వలన వచ్చినది.

జంటనగరాల హిజ్రాలలో "షహర్‌వాలా", "లష్కర్‌వాలా" అని రెండు ప్రధాన వంశాలు ఉన్నవి. షహర్ అంటే హైదరాబాదు నగరం, లష్కర్ అంటే సికింద్రాబాదు. గురువు, చేలా (శిష్యులు) అనే బంధం మీద వారి కుటుంబ వ్యవస్థ నిలిచి ఉన్నది. ఇంటిలో బిడ్డ పుట్టినప్పుడు, పెళ్ళి జరిగినప్పుడు వచ్చి పాడి, ఆడి, దీవించి కానుక తీసుకోవడాన్ని "బధాయి" అంటారు. మానవశాస్త్రవేత్త గాయత్రి రెడ్డి జంటనగరాలలో చేసిన పరిశోధన ఆధారంగా 2005లో వెలువరించిన ఆంగ్ల గ్రంథంలో ఈ జీవన విధానాన్ని వివరంగా వర్ణించారు.

చీర కట్టుకొని వీధిలో నడవడం, డోలక్ వాయించడం, ఆడి పాడడం ఈ జీవనోపాధిలో భాగం. చట్టం నేరమన్నది సరిగ్గా వీటినే. కనుక ఇది ఏదో ఒక చర్యను కాక, ఒక సమాజం బ్రతుకుతెరువునే నిషేధించినట్లయినది.

స్వాతంత్ర్యం తరువాత

1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసినది. రాజ్యాంగంలోని 372వ అధికరణం ప్రకారం పాత చట్టాలు రద్దు అయ్యేవరకు కొనసాగుతాయి. 13వ అధికరణం ప్రకారం ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన పాత చట్టాలు ఆ మేరకు చెల్లవు. అయితే ఫలానా చట్టం విరుద్ధమని ఎవరైనా న్యాయస్థానంలో సవాలు చేసి తేల్చుకోవాలి. ఈ చట్టాన్ని అప్పట్లో ఎవరూ అలా సవాలు చేయలేదు.

దేశవ్యాప్తంగా క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లో రద్దు అయినది. కానీ హైదరాబాదు చట్టం వేరు శాసనం కాబట్టి అలాగే ఉండిపోయినది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు ఇది "ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ప్రాంత) యూనక్స్ చట్టం"గా మారినది. కోస్తా, రాయలసీమ జిల్లాలకు ఇది వర్తించలేదు. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత కొత్త రాష్ట్రం దత్తత చేసుకొన్న చట్టాలలో ఇది కూడా చేరి "తెలంగాణ యూనక్స్ చట్టం" అనే పేరు పొందినది.

హైకోర్టులో వ్యాజ్యము

ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి, మరికొందరు కలిసి 2018లో ఈ చట్టాన్ని సవాలు చేస్తూ ప్రజాప్రయోజన వ్యాజ్యం (44/2018) దాఖలు చేశారు. అప్పటికి హైదరాబాదులో ఉన్నది రెండు తెలుగు రాష్ట్రాల ఉమ్మడి హైకోర్టు. 2018 సెప్టెంబరులో చట్టం అమలును నిలిపివేస్తూ హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినది. 2019 జనవరి 1న తెలంగాణకు ప్రత్యేక హైకోర్టు ఏర్పడినది. కోవిడ్ కాలంలో ట్రాన్స్‌జెండర్లకు రేషను, మందులు, వైద్యం అందించాలని కోరుతూ 2020లో మరొక వ్యాజ్యం దాఖలు అయినది. వీటిని కలిపి విచారించారు.

వాడుకలో లేని చట్టాన్ని సవాలు చేయడం ఎందుకు అనే ప్రశ్నకు సమాధానం అదే సంవత్సరపు ఒక సంఘటనలో కనబడుతుంది. 2018 మే నెలలో, పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయనే పుకార్లు వాట్సాప్ ద్వారా వ్యాపించినవి. ఆ సమయంలో పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో ఒక గుంపు ట్రాన్స్‌జెండర్లపై దాడి చేసినది. వారిలో ఒకరు మరణించారు, మరికొందరు గాయపడ్డారు. హిజ్రాలు బాలురను అపహరిస్తారన్న అనుమానాన్ని 1919 చట్టం అధికారికంగా వ్రాసిపెట్టినది. గుంపు ఆ చట్టాన్ని చదవలేదు. కానీ ఆ అనుమానం మాత్రం సమాజంలో చెరిగిపోలేదు.

తీర్పు

2023 జూలై 6న ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, న్యాయమూర్తి సి.వి.భాస్కర్ రెడ్డిల ధర్మాసనం తీర్పు వెలువరించినది. ఒక సమాజాన్ని మొత్తంగా నేరస్థులుగా చూడడం ఏకపక్షమని, సమానత్వపు హక్కు (14వ అధికరణం), జీవించే హక్కు (21వ అధికరణం) రెండింటికీ విరుద్ధమని ధర్మాసనం తేల్చినది. చట్టం వ్యక్తి గోప్యతను, గౌరవాన్ని భంగపరుస్తున్నదని కూడా పేర్కొన్నది. చట్టాన్ని కొట్టివేయడంతో పాటు, విద్య, ఉద్యోగాలలో రిజర్వేషన్లు కల్పించాలని, ఆసరా పింఛను పథకాన్ని ట్రాన్స్‌జెండర్లకు వర్తింపజేయాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించినది.

ఆధారమైన పూర్వ తీర్పులు

* నాల్సా తీర్పు (2014 ఏప్రిల్ 15): జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ వేసిన వ్యాజ్యంలో, తన లింగ గుర్తింపును నిర్ణయించుకొనే హక్కు వ్యక్తిదేనని సుప్రీంకోర్టు చెప్పినది. ట్రాన్స్‌జెండర్లను సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గంగా పరిగణించాలని ఆదేశించినది. అంతర్జాతీయ మానవ హక్కుల నిపుణులు 2006లో రూపొందించిన యోగ్యకర్త సూత్రాలను ఈ తీర్పు ఉదహరించినది.
* పుట్టస్వామి తీర్పు (2017 ఆగస్టు 24): గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పినది.
* నవతేజ్ సింగ్ జోహార్ తీర్పు (2018 సెప్టెంబరు 6): వయోజనుల మధ్య పరస్పర అంగీకారంతో జరిగే స్వలింగ సంబంధం నేరం కాదని చెప్పినది.

పొరుగుదేశాలలో నేపాల్ సుప్రీంకోర్టు 2007లోను, పాకిస్తాన్ సుప్రీంకోర్టు 2009లోను ఇటువంటి వర్గాల హక్కులను గుర్తించినవి.

న్యాయ సహాయపు పాత్ర

ఇటువంటి కేసులలో బాధితులకు న్యాయవాదిని నియమించుకొనే స్తోమత, గుర్తింపు పత్రాలు, స్థిర నివాసం తరచుగా ఉండవు. అందువలన ప్రజాప్రయోజన వ్యాజ్యం అనే మార్గం కీలకమైనది. ఇందులో బాధితులే కాక వారి పక్షాన ఇతరులు కూడా హైకోర్టును ఆశ్రయించవచ్చును. పాత శాసనాల మూలాలు వెదకడం, ఇతర దేశాల తీర్పులతో పోల్చడం, ప్రమాణపత్రాలు తయారు చేయడం వంటి పనులు యువ న్యాయవాదులు, న్యాయ విద్యార్థులు ఫెలోషిప్పుల ద్వారా దూరం నుండే చేసే వీలు నేడు ఉన్నది. కానీ బాధితుల అనుభవాన్ని విని నమోదు చేసే పనికి వారి మొహల్లాకు వెళ్ళక తప్పదు.

తీర్పు తరువాత

2024 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు ట్రాన్స్‌జెండర్లను ట్రాఫిక్ అసిస్టెంట్లుగా నియమించారు. ఒకప్పుడు స్త్రీ దుస్తులతో కనబడితే అరెస్టు చేయవచ్చునని చట్టం చెప్పిన నగరంలోనే వారు యూనిఫారంతో వాహనాలను నియంత్రించే విధులు చేపట్టారు. అయినప్పటికీ అద్దె ఇల్లు దొరకడం, చదువు కొనసాగించడం, పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇవ్వడం వంటివి తీర్పు ఒక్కదానితో తీరే సమస్యలు కావు. చట్టం రద్దుతో నేరస్థులనే ముద్ర తొలగినది. మిగిలిన హక్కులు పాలనా యంత్రాంగం ద్వారా అమలు కావలసినవి.

ఇవి కూడా చూడండి

* హిజ్రా
* తెలంగాణ హైకోర్టు
* భారత రాజ్యాంగం - ప్రాథమిక హక్కులు
* హుస్సేనీ ఆలం
* పాతబస్తీ