చలము, అచలము: ఇంటిలో కదలెడు శిల్పము

నేడు ఇండ్లలోను ఆఫీసులలోను పైకప్పు నుండి వ్రేలాడుచు గాలికి మెల్లగా తిరుగు శిల్పము లక్కడక్కడ కనుపించుచున్నవి. సన్నని తీగలకు రేకులో, చేపలో, పక్షులో కట్టి తూకము కుదిర్చిన బొమ్మలవి. వీనిని ‘మొబైల్’ అందురు. చూచిన వారిలో పలువురు ఇది పూర్తిగా పాశ్చాత్యుల వేడుక యని తలంతురు. పేరు మట్టుకు అటునుండి వచ్చినదే. అమెరికా శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ చేసిన కదలెడు శిల్పములకు 1931లో మార్సెల్ డుషాన్ ఆ పేరు పెట్టెను. మరుసటి యేట ఆర్ప్ అను మరియొక శిల్పి కాల్డర్ చేసిన కదలని శిల్పములకు ‘స్టేబిల్’ అని పేరిడెను. ఒకటి చలము, ఒకటి అచలము.

ఈ విభాగము తిరుపతి ప్రాంతము వారికి క్రొత్తది కాదు. తిరుమల ఆలయమున పూజలు జరుగునది వైఖానసాగమము ననుసరించి. గర్భాలయమున నిలిచిన మూలమూర్తి ధ్రువబేరము, అది కదలదు. కదలివచ్చు మూర్తులు వేరు. పల్లవ రాణి సామవై సమర్పించిన వెండి మూర్తి భోగ శ్రీనివాసుడు ఏకాంతసేవలో పాల్గొనును. మలయప్పస్వామి ఉభయ దేవేరులతో వాహనము లెక్కి మాడవీధులలో ఊరేగును. సాయంకాలము సహస్రదీపాల నడుమ ఊయల లూగును. ఉగ్ర శ్రీనివాసమూర్తి యేటికి ఒక్కసారి, కైశిక ద్వాదశినాడు, సూర్యోదయమునకు ముందే వెలుపలికి వచ్చి తిరిగి లోనికేగును.

ఇచట ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. చలబింబము తనంతట కదలదు; భక్తులు మోసిన కదలును. పూజామూర్తి ఇంటి అలంకారమును కాదు. అయినను శిల్పమును గూర్చిన పాఠ మొకటి అందులో కలదు. దక్షిణదేశపు లోహపు ఉత్సవమూర్తుల పీఠములు చూడుడు. మోతకఱ్ఱలకు బిగించి కట్టుటకు వానికి రంధ్రములో, కొక్కెములో ఉండును. అనగా ఈ మూర్తి కదలవలెనను సంగతి శిల్పి మైనము ముద్దను చేతబట్టిననాడే తలచినాడు. చలనము తరువాత తగిలించిన సొగసు కాదు. కదలెడు బొమ్మను కొని ఇంట నిలుపువారును ఇట్లే ముందుగా ఆలోచింపవలెను: దీనిని కదలించున దేది? ఆ కదలికకు నా యింట చోటున్నదా?

మన బొమ్మలలో చేతితో కదలునది తోలుబొమ్మ. మేక తోలును పలుచగా, వెలుగు పారునట్లు సిద్ధపరచి, రంగులద్ది, సన్నని రంధ్రములతో ఆభరణములు తీర్చి, తలను, చేతులను కీళ్లవద్ద దారముతో కూర్చుదురు. వెనుక దీపముండగా తెల్లని తెర మీద రామాయణ భారత కథ లాడుదురు. రాయలసీమలో ధర్మవరము దగ్గరి నిమ్మలకుంట ఈ విద్యకు నిలయము. ఆ గ్రామపు కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించినది. సినిమా వచ్చిన పిదప ఆట చూచువారు తగ్గిరి. ఆటగాండ్లు అదే తోలుతో లాంపు షేడులు, గోడబొమ్మలు చేసి బ్రతుకు నిలుపుకొనిరి. ఇది కొందరికి కళాక్షీణతగా తోచును. కాని ఆ షేడులే లేకున్న తోలు చెక్కు ఉలి ఎన్నడో మూలబడి యుండెడిది. కొనువారి ధర్మ మేమనగా, కీళ్లు గల బొమ్మనే అడుగుట. దానిని గోడకు మేకులతో బిగింపక, వెనుక వేడి పుట్టింపని దీపముంచి, నడుమ జానెడు ఎడమిచ్చి వ్రేలాడదీయుట. తేమయు తీవ్రమైన ఎండయు తోలునకు శత్రువులు. పిల్లవాడు చేయి చాచి హనుమంతుని తోక ఆడించిన కోపగింపరాదు. ఆ బొమ్మ పుట్టినది అందుకే.

తన బరువుతో తానే కదలునది తంజావూరు బొమ్మ. చిత్తూరు సీమకు తమిళదేశము ఇరుగు. దసరా కొలువులలో ఈ బొమ్మకు చోటున్నది. ఒక విధమున తల, నడుము, పావడ వేర్వేరుగా చేసి, లోపలి తీగ మొనల మీద నిలుపుదురు. వ్రేలు తాకిన నాట్యమాడును. మరియొక విధమున గుండ్రని అడుగు భాగమున బరువుండుటచే, పడద్రోసినను లేచి నిలుచును. వీనికి కావలసినది సమమైన పీట, చుట్టును బెత్తెడు ఖాళీ.

గాలితో కదలునది కాల్డర్ శిల్పము. ఆయన మొదట మరలతోను మోటార్లతోను కదలించి చూచి, తుదకు గాలినే నమ్మెను. 1955లో సారాభాయి కుటుంబము వారి ఆహ్వానముపై అహ్మదాబాదునకు వచ్చి, అచట కొన్ని శిల్పములు చేసెను. ఇట్టి దానిని కిటికీకి ద్వారమునకు నడుమ, తలకు తగులనంత ఎత్తున కట్టవలెను. సీలింగు ఫాను క్రింద కట్టిన తీగలు చిక్కుపడును. తేలిక కొయ్యయే దీనికి తగినది. కొండపల్లివారి పొణికి కఱ్ఱ అట్టిది. తిరుపతిలో దొరకు ఎఱ్ఱచందనపు రాజా రాణి బొమ్మలు అందమైనవే; కాని ఎఱ్ఱచందనము నీట మునుగునంత బరువు. అది నిలువదగిన కొయ్య, వ్రేలాడదగినది కాదు. ఆ చెట్టు 1995 నుండి అంతర్జాతీయ ఒడంబడిక రక్షణలోను ఉన్నది గనుక, బిల్లు ఇచ్చు అంగడిలోనే కొనుట మేలు.

మా అవ్వ కొలువు పెట్టునపుడు తంజావూరు బొమ్మ క్రింద కాగితము మడిచి పెట్టి మెట్టును సమము చేసెడిది. ఒక యేడు పండుగ ముగిసిన పిదప, బొమ్మ పగులునను భయముతో మేము దానిని అద్దాల బీరువాలో దూది క్రుక్కి నిలిపితిమి. అవ్వ చూచి, దూది తీసివేసి, “తల ఆడకుంటే అది తంజావూరు బొమ్మ ఎట్లవుతుందిరా నాయనా?” అన్నది. ఆ బొమ్మ తరువాత రెండేండ్లకు పగిలినది. ఆ రెండేండ్లును తల ఆడించుచునే ఉండెను.