గోడలు చెక్కినవాడికి గుమ్మం లేదు

క్రైస్ట్‌మిన్‌స్టర్ ఏ పటంలోనూ కనిపించదు. థామస్ హార్డీ 1895లో పుస్తకంగా తెచ్చిన ‘జూడ్ ది అబ్‌స్క్యూర్’ నవలలోనే అది ఉంది. ఆక్స్‌ఫర్డ్‌కి మారుపేరు పెట్టి, కళాశాలలకు కొత్త పేర్లు తొడిగి, ఏనాడో గతించిన కవులనూ మతాచార్యులనూ దాని వీధుల్లో నీడలుగా తిప్పి హార్డీ కట్టిన విద్యానగరం అది. అక్కడే జూడ్ ఫాలీ ముప్ఫై నిండకుండా చనిపోతాడు. అది తెలిసే ఆ పుస్తకం తెరుస్తాను. తెలిసినా, మొదటి పేజీల్లోని ఆ పిల్లవాణ్ణి చూడగానే గుండె చెరువవుతుంది.

తల్లీతండ్రీ లేని పల్లెటూరి పిల్లవాడు. చదువు చెప్పిన పంతులు క్రైస్ట్‌మిన్‌స్టర్‌కి వెళ్లిపోయాక, ఊరి బయట కొట్టానికి వేసిన నిచ్చెనెక్కి, మంచు తొలగించమని దేవుణ్ణి వేడుకుని, దూరాన నగరం మిలమిలలాడటం చూశాడు. ఇక ఆ బతుకు మరోవైపు తిరగలేదు. రొట్టెల బండి తోలుతూ, పగ్గాలు చేతికి తగిలించుకుని, నిఘంటువు మోకాళ్ల మీద పరుచుకుని, ఎవరి సాయమూ లేకుండా లాటిన్ నేర్చుకున్నాడు. గుర్రానికి దారి తెలుసు. పిల్లవాడికి దారి చెప్పేవాడే లేకపోయాడు.

కూటికోసం రాతిపని పట్టాడు. కడుపుతో ఉన్నానని అబద్ధమాడిన అరబెల్లాను పెళ్లాడి, ఆ కాపురమూ చెదిరాక, చివరికి క్రైస్ట్‌మిన్‌స్టర్ చేరాడు. మొదటి రాత్రి చీకట్లో ఆ గోడలను చేత్తో తడుముతూ తిరిగాడు. తెల్లవారితే శిథిలమవుతున్న ఆ రాళ్లకే ఉలి పెట్టాడు. లోపల చదువుకునే కుర్రవాళ్లకూ అతనికీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆ గోడను బాగుచేసే చేతులు మాత్రం అతనివి.

అయిదుగురు కళాశాలాధిపతులకు ఉత్తరాలు రాశాడు. నలుగురు పలకలేదు. అయిదో ఆయన క్లుప్తంగా రాశాడు: నీ వృత్తిలోనే ఉండు, అదే నీకు మేలు. ఆ జాబు దగ్గరే నేను ఆగిపోతాను. ఆయన కలం ఎత్తే ముందు ఒక్కసారి ఆ కుర్రవాణ్ణి పిలిపించి ఉంటే! ఏం చదివావు నాయనా అని అడిగి ఉంటే! ఆ ప్రశ్న కోసమే కదా అన్నేళ్లుగా అతను జవాబులు వల్లెవేసుకున్నది.

తరువాతిదంతా జారుడే. ప్రాణంగా ప్రేమించిన స్యూతో, పిల్లలతో ఊరూరా తిరిగాడు. జబ్బుపడి ఉలి పట్టలేనప్పుడు కేకులు చేశాడు. వాటికి గోపురాలు, కిటికీలు, తోరణాలు దిద్దాడు. ఏ విశ్వవిద్యాలయం తనను గడప తొక్కనివ్వలేదో దాన్నే పిండితో కట్టాడు. స్యూ వాటిని సంతలో అమ్మింది. ఈ ఘట్టం చదివి కళ్లు తుడుచుకోకుండా పేజీ తిప్పగలిగినవారిని నేనెరగను.

అయినా మళ్లీ అక్కడికే వచ్చాడు. స్నాతకోత్సవాల వేళ, వానలో, స్యూనూ పిల్లలనూ నిలబెట్టి పండితుల ఊరేగింపు చూశాడు. ఆ సాయంత్రం వాళ్లందరికీ కలిపి గది ఇచ్చిన ఇల్లు లేదు. స్యూకీ పిల్లలకూ దొరికిన చోట కూడా తెల్లారితే ఖాళీ చెయ్యమన్నారు. తమవల్లే ఈ కష్టాలని నమ్మిన పెద్దపిల్లవాడు చిన్నవాళ్లిద్దర్నీ చంపి తానూ చచ్చిపోయాడు. ఒక్క ఇంటివారు నాలుగు రోజులు తలదాచుకోనిచ్చి ఉంటే ఆ బిడ్డలు బతికేవారు. స్యూ మనసు విరిగి మునుపటి భర్త దగ్గరికి, జూడ్‌కి చదువు చెప్పిన ఆ పాత పంతులు దగ్గరికే, వెళ్లిపోయింది.

మరో ఏడు ఉత్సవాల్లో, నది మీద పడవ పందేల కేరింతలు వినిపిస్తుండగా, దాహమని అడిగితే నీళ్లిచ్చే మనిషి లేక జూడ్ పోయాడు. అలమరలో లాటిన్, గ్రీకు పుస్తకాలు మిగిలాయి. పని మధ్యలో అందుకుని చదివినందువల్ల వాటికి రాతిపొడి అంటుకుని ఉంది.

నవల వచ్చిన నాలుగేళ్లకు, 1899లో, శ్రామికుల చదువు కోసం ఆక్స్‌ఫర్డ్‌లో రస్కిన్ కళాశాల వెలిసింది. దానికి జూడ్ పేరు పెట్టాల్సిందని కొందరు పాఠకులు అన్నారట. 1912 నాటి కూర్పులో ఆ సంగతి హార్డీయే రాసుకున్నాడు.