తపాలాలో చదివిన ఇంజనీరింగు

2017 నవంబరు 3న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు దేశంలో వేలాది ఇంజనీర్ల జీవితాలను తలకిందులు చేసింది. వారిలో అధికులు అప్పటికి ఎన్నో ఏళ్లుగా కొలువుల్లో ఉన్నవారే. దూరవిద్య ద్వారా బి.టెక్. చదివి, ఆ పట్టాతో పదోన్నతి పొందినవారు కొందరు. ఆ పట్టా ఆధారంగా ఎం.టెక్.లో చేరి పూర్తిచేసినవారు మరికొందరు. ఆ తీర్పు రోజు పత్రికల్లో ‘నకిలీ డిగ్రీలు’ అన్న మాట విరివిగా వాడారు. ఆ మాట తప్పు. పట్టాలు నకిలీవి కావు. వాటిని ఇచ్చిన సంస్థలు కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ ద్వారానే విశ్వవిద్యాలయ హోదా పొందినవి. అనుమతులపై సంతకాలు చేసినవారు ప్రభుత్వ అధికారులే.

వ్యాజ్యం మొదలైన చోటు చిన్నది. ఒడిశాలో ఎత్తిపోతల పథకాలను నిర్వహించే ప్రభుత్వ సంస్థ లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్. పాలిటెక్నిక్ డిప్లొమాతో జూనియర్ ఇంజనీరుగా చేరిన ఉద్యోగి తపాలా ద్వారా చదివి ఇంజనీరింగు పట్టా తెచ్చుకుంటే, దాన్ని పదోన్నతికి లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది ప్రశ్న. తీసుకోవాలన్నది ఒడిశా హైకోర్టు. అటువంటి వివాదంలోనే కుదరదన్నది పంజాబ్-హర్యానా హైకోర్టు. రెండు హైకోర్టులు రెండు దారులు పట్టడంతో విషయం ఢిల్లీకి చేరింది.

ఈ ప్రశ్న వెనుక చాలా పాత చరిత్ర ఉంది. ఉన్నత సాంకేతిక విద్య అంటే ప్రాంగణంలో నివసించి చదివేదే అన్న భావన మనకు 1909లో బెంగళూరులో వెలసిన భారతీయ విజ్ఞాన సంస్థ నుంచీ ఉన్నది. 1945లో ఏర్పడిన నళినీరంజన్ సర్కార్ కమిటీ అమెరికాలోని ఎం.ఐ.టి.ని నమూనాగా పెట్టుకుని దేశం నాలుగు దిక్కులా నాలుగు ఉన్నత సాంకేతిక సంస్థలు కావాలన్నది. 1951లో ఖరగ్‌పూర్‌లో మొదటి ఐఐటీ, బ్రిటిష్ వారు రాజకీయ ఖైదీలను ఉంచిన హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో ప్రారంభమైంది. ఆ తరువాత గేట్ పరీక్ష వచ్చింది. గేట్‌లో అర్హత పొంది పూర్తికాలం ఎం.టెక్. చదివేవారికి ప్రభుత్వమే నెలనెలా ఉపకారవేతనం ఇస్తుంది. చాలా కాలంగా అది 12,400 రూపాయలు. అంటే ప్రాంగణంలో చదివేవాడికి రాజ్యం జీతం ఇచ్చి చదివిస్తుంది. కొలువు వదులుకోలేనివాడు తన జీతంలోంచి ఫీజు కట్టి చదువుకోవాలి. దూరవిద్య నాణ్యత గురించి మాట్లాడేవారు ఈ తేడాను సాధారణంగా ప్రస్తావించరు.

కొలువులో ఉన్నవారికి దారులు లేకపోలేదు. 1920లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ నడిపిన ఏఎంఐఇ పరీక్ష వాటిలో అన్నిటికన్నా గౌరవప్రదమైనది. తరగతి గది లేదు, గురువు లేడు. సెక్షన్ ఎ, సెక్షన్ బి గట్టెక్కితే ఇంజనీరింగు పట్టాతో సమానం. రైల్వేల్లో, విద్యుత్ బోర్డుల్లో, నీటిపారుదల శాఖల్లో డిప్లొమావారు రాత్రిళ్లు దీనికి చదివేవారు. గట్టెక్కినవారిలో కొందరు గేట్ రాసి ఐఐటీ ప్రాంగణాల్లో ఎం.టెక్. చేశారు. మన వైపు జేఎన్టీయూ డిప్లొమా ఉద్యోగుల కోసం తపాలా పాఠాలనూ ప్రత్యక్ష తరగతులనూ కలిపి బి.టెక్. నడిపింది, ఉస్మానియా సాయంత్రపు తరగతులతో పార్ట్‌టైమ్ ఎం.ఇ. నడిపింది. సచివాలయం నుంచో విద్యుత్ సౌధ నుంచో బయలుదేరి, బస్సు పట్టుకుని క్లాసుకు వెళ్లిన ఇంజనీర్లు హైదరాబాదులో ఒక తరం ఉన్నారు. ఏఎంఐఇకి గుర్తింపును మాత్రం 2013 మే 31 వరకు నమోదైనవారికే పరిమితం చేసి, ఆపైన ప్రభుత్వం నిలిపివేసింది.

ఇక తీర్పులో చిక్కుకున్న నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయాల సంగతి. ఉదయపూర్‌లోని రాజస్థాన్ విద్యాపీఠ్, సర్దార్‌షహర్‌లోని విద్యా సంస్థ, అలహాబాదు వ్యవసాయ సంస్థ, తమిళనాడులోని వినాయక మిషన్స్. వీటిలో మొదటిదాని పుట్టుక గుర్తుంచుకోదగ్గది. 1937లో జనార్దన్ రాయ్ నాగర్ దాన్ని స్థాపించింది పగలు పని చేసుకునేవారికి రాత్రి చదువు చెప్పడానికి. ఆ ఆశయం ఆరు దశాబ్దాల తరువాత దేశమంతటా అధ్యయన కేంద్రాల గొలుసుగా మారి, ప్రయోగశాల ఉందో లేదో ఎవరూ చూడని చోట ఇంజనీరింగు పట్టాలు ఇవ్వడంతో ముగిసింది. వ్యాపారం ఆశయాన్ని మింగిన కథ ఇది. కోర్టు ఆగ్రహం అకారణం కాదు.

కానీ తలుపు తెరిచింది ఎవరు? 1985 నాటి ఇగ్నో చట్టం కింద ఏర్పడిన దూరవిద్యా మండలి ఒకటి. యూజీసీ ఇంకొకటి. 1987 నాటి చట్టంతో అధికారాలు పొందిన అఖిల భారత సాంకేతిక విద్యా మండలి మూడోది. 1995 మార్చి 1న కేంద్రం ఒక నోటిఫికేషన్‌లో దూరవిద్యా పట్టాలు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు చెల్లుతాయన్నది. దూరవిద్యా మండలి ఆమోదం, అవసరమైన చోట సాంకేతిక విద్యా మండలి ఆమోదం ఉండాలన్నది షరతు. ఆ ‘అవసరమైన చోట’ అన్న రెండు మాటల మీద ఇరవై ఏళ్లు వాదన నడిచింది. 2001లో భారతీదాసన్ విశ్వవిద్యాలయం కేసులో, విశ్వవిద్యాలయాలు సాంకేతిక విద్యా మండలి ముందస్తు అనుమతి తీసుకోనక్కరలేదని సుప్రీంకోర్టే చెప్పింది. డీమ్డ్ సంస్థలు దాన్ని తమకూ అన్వయించుకున్నాయి. కోర్సులు మొదలయ్యాక, విద్యార్థులు చేరాక, వెనకటి తేదీలకు వర్తించేలా అనుమతులు పుట్టుకొచ్చాయి.

ఆ వెనకటి అనుమతులు చెల్లవని న్యాయమూర్తులు ఆదర్శ్ కుమార్ గోయల్, ఉదయ్ ఉమేశ్ లలిత్ తేల్చారు. 2001-05 విద్యా సంవత్సరాల్లో చేరినవారి పట్టాలను నిలిపివేసి, సాంకేతిక విద్యా మండలి పెట్టే పరీక్షలో నెగ్గితేనే పునరుద్ధరించాలన్నారు. రెండు అవకాశాలకు మించి లేవు. ఆ తరువాత చేరినవారి పట్టాలు నేరుగా రద్దు. కట్టిన ఫీజు తిరిగి ఇవ్వాలని, అప్పటివరకు అందుకున్న ఆర్థిక ప్రయోజనాలను రాబట్టరాదని కూడా చెప్పారు. అనుమతులు ఇచ్చిన అధికారుల పాత్రపై సీబీఐ విచారణకు ఆదేశించారు. 2018 జనవరిలో కొంత వెసులుబాటు ఇచ్చి, పరీక్ష రాసేవారు ఫలితం వచ్చేదాకా పట్టా ప్రయోజనాలను అనుభవించవచ్చన్నారు.

చట్టం దృష్టితో ఈ తీర్పును తప్పుపట్టడం కష్టం. ప్రయోగశాల లేకుండా ఇంజనీరు తయారవుతాడని ఎవరూ వాదించరు. నా అభ్యంతరం శిక్ష పంపకం గురించి. మూడు నియంత్రణ సంస్థలు తమ సరిహద్దుల గురించి తమలో తాము తేల్చుకోలేకపోయాయి; 2005లో ఫారం నింపిన జూనియర్ ఇంజనీరు మాత్రం వాటి చట్టాలు చదివి సరిగ్గా అన్వయించుకుని ఉండాల్సింది! నలభై ఏళ్లు దాటాక మళ్లీ గణితం, పదార్థ బలం పుస్తకాలు తెరిచి పరీక్ష హాల్లో కూర్చున్నది అతడే. దూరవిద్యా మండలి 2013లోనే రద్దయిపోయింది. రద్దయిన కార్యాలయం పరీక్ష రాయనక్కరలేదు.

స్నాతకోత్తర విద్యలో దీని దెబ్బ మరీ విచిత్రమైనది. ఎం.టెక్. ఒకప్పుడు పరిశోధన వైపు మెట్టు. ఇంజనీరింగు కళాశాలలు వెల్లువెత్తాక (ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే అవి ఏడు వందల దరిదాపులకు చేరాయి) అది అధ్యాపకుడి అర్హతా పత్రమైంది. దూరవిద్యలో బి.టెక్. చేసి, ఆపైన మామూలు ప్రాంగణంలో రెండేళ్లు కూర్చుని, థీసిస్ సమర్పించి ఎం.టెక్. సంపాదించినవాడి పరిస్థితి ఊహించండి. పై అంతస్తు ఇటుక ఇటుక పేర్చి కట్టుకున్నదే. కింది అంతస్తును కోర్టు తీసేసింది.

యూజీసీ 2017 దూరవిద్యా నిబంధనలు ఇంజనీరింగును దూరవిద్య పరిధి నుంచే తప్పించాయి. అయితే దూరం నుంచి చదువు ఆగిందా? బిట్స్ పిలానీ 1979 నుంచి ఉద్యోగుల కోసం నడుపుతున్న కార్యక్రమానికి దూరవిద్య అన్న పేరు లేదు. ‘పనితో మేళవించిన చదువు’ అంటారు. సొంత చట్టం కింద నడిచే ఐఐటీలు సాంకేతిక విద్యా మండలి పరిధిలో లేవు. ఐఐటీ కాన్పూర్ 2022 నుంచి గేట్ అవసరం లేకుండానే ఉద్యోగులకు ఆన్‌లైన్‌లో ఇ-మాస్టర్స్ ఇస్తోంది. అవి మంచి కోర్సులు కాకూడదని కాదు. పెద్ద నగరంలో సాఫ్ట్‌వేర్ కొలువులో ఉన్నవాడు లక్షలు కట్టి ఇంటినుంచి చదివితే అది నవ్యత అవుతుంది. కాలువ గట్టున పనిచేసేవాడు తపాలాలో చదివితే అది మోసం అయింది. మధ్యలో తేడా నాణ్యతదే అయితే సంతోషమే. ఏ సంస్థకు ఏ చట్టం రక్షణ ఉన్నదన్నది కూడా ఆ తేడాలో పెద్ద భాగమే.

2023-24 నుంచి సాంకేతిక విద్యా మండలి ఉద్యోగుల కోసం కళాశాలల్లో అనువైన వేళల్లో తరగతులకు అనుమతి ఇస్తోంది. రాత్రి బడి మళ్లీ వచ్చిందన్నమాట, కాకపోతే గోడల మధ్య. తొలి ఏడాది పెట్టిన షరతు ప్రకారం ఉద్యోగి పనిచేసే చోటు కళాశాలకు 50 కిలోమీటర్ల లోపు ఉండాలి. ఒడిశాలో మహానది ఒడ్డున పంపుసెట్లు చూసుకునే జూనియర్ ఇంజనీరు ఇప్పుడు మొదట కొలవవలసింది ఆ దూరాన్నే.