గుంటూరు నర్సు, పరదేశపు లైసెన్సు

చీరాల పక్కనున్న వాడరేవు తీరాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడికి కొద్ది దూరంలో మోటుపల్లి ఉంది. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం మీకు గుర్తుండవచ్చు. పరదేశి వర్తకుడికి దొరికే రక్షణ ఏమిటో, అతను కట్టవలసిన సుంకాలు ఏమిటో రాజు అందులో చెక్కించాడు. పరాయి నేల మీద బతుకుతెరువు చూసుకోవాలంటే ఆ నేల షరతులకు ఒప్పుకోవలసిందేనన్నమాట. ఈ భాగంలో సరుకుకు బదులు వృత్తి నైపుణ్యం ఎల్లలు దాటిన తీరును నర్సుల చరిత్ర ద్వారా పరిశీలిద్దాం.

ఈ రాకపోకలు మొదట అటు నుంచి ఇటు సాగాయి. పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. లూథరన్ మిషన్ ఆమెను మొదట వైద్యానికి కాక బోధన పనికి పంపింది. రెండేళ్ల తర్వాత గానీ వైద్యురాలిగా గుర్తించలేదు. 1898లో స్త్రీల ఆస్పత్రి ప్రారంభమైంది. ఈనాటికీ గుంటూరు వాసులు దాన్ని కుగ్లర్ ఆస్పత్రి అనే పిలుస్తారు. చీరాలలో లూథరన్లు, ఒంగోలు, నెల్లూరులలో బాప్టిస్టులు ఇలాంటి ఆస్పత్రులే నడిపారు. పరాయివారి రక్తం, మలమూత్రాలు ముట్టుకునే పనిని అగ్రకులాలు హీనంగా చూసేవి. అందువల్ల శిక్షణకు తొలినాళ్లలో వచ్చినవారు ఎక్కువగా దళిత క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు, వితంతువులు. ఈ వృత్తికి గౌరవం తెచ్చినవారు వీరే. మన చరిత్ర పుస్తకాలు మాత్రం మిషనరీల పేర్లతోనే ఆగిపోతాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. 19వ శతాబ్దం చివర అమెరికా నుంచి ఇక్కడికి వచ్చిన నర్సును లైసెన్సు చూపమని అడిగినవారు లేరు. అడగడానికి చట్టమే లేదు. నర్సుల రిజిస్ట్రేషన్‌కు న్యూజిలాండ్ 1901లో, అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం 1903లో, బ్రిటన్ 1919లో చట్టాలు చేశాయి. గుంటూరు జిల్లా అప్పట్లో భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1926లో వచ్చింది. 1947లో భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం చదువు ప్రమాణాలను దేశమంతటికీ ఒకటి చేసింది. అయితే నర్సు పేరు నమోదు చేసే అధికారం రాష్ట్ర కౌన్సిళ్ల దగ్గరే ఉండిపోయింది.

1965లో అమెరికా వలస చట్టం మారి, దేశాలవారీ కోటాలు పోయాయి. ఆసియా నర్సులకు దారి తెరుచుకుంది. వెళ్లినవారిలో చాలామంది అక్కడి రాష్ట్ర బోర్డు పరీక్ష తప్పారు. అలాంటివారికి నర్సు ఉద్యోగం ఉండదు, సహాయకురాలి పనే గతి. ఇంటి దగ్గర అప్పు మాత్రం నర్సు జీతాన్ని నమ్ముకుని చేసినది. ఈ పరిస్థితి చూసి, బయలుదేరక ముందే యోగ్యతను తేల్చడానికి 1977లో విదేశీ నర్సుల పట్టభద్రుల కమిషన్ ఏర్పడింది. దాని కేంద్రం ఫిలడెల్ఫియా. కుగ్లర్ వైద్యం చదివిందీ ఆ నగరంలోనే! గుంటూరు నర్సు సర్టిఫికెట్లు ఇప్పుడు అక్కడికే పరిశీలనకు వెళ్లాలి. 1996 వలస చట్టం వీసాకు ముందు చదువు, లైసెన్సు, ఇంగ్లీషు మూడింటి ధ్రువీకరణను తప్పనిసరి చేసింది.

అసలు లైసెన్సు ఇచ్చేది అమెరికా రాష్ట్రాలు. వాటి ఉమ్మడి పరీక్ష ఎన్‌క్లెక్స్. 1994 నుంచి దాన్ని కంప్యూటర్ మీద నిర్వహిస్తున్నారు. మీరు సరిగ్గా జవాబిస్తే తర్వాతి ప్రశ్న కష్టమవుతుంది, తప్పితే తేలికవుతుంది. అందుకే ఇద్దరు అభ్యర్థులకు ఒకే ప్రశ్నాపత్రం రాదు. 2005 వరకు ఈ పరీక్ష అమెరికా పాలనలోని ప్రాంతాల్లోనే జరిగేది. కేవలం పరీక్ష కోసం సముద్రం దాటాలంటే మధ్యతరగతి నర్సు ఎంత ఖర్చు భరించాలో ఊహించండి. తర్వాత విదేశాల్లోనూ కేంద్రాలు తెరిచారు. హైదరాబాద్ కేంద్రం అలా వచ్చిందే. బ్రిటన్ 2014లో తన పద్ధతి మార్చి, కంప్యూటర్ పరీక్షను, అక్కడికి చేరాక రోగి పాత్రధారుల ముందు చేసి చూపే ప్రాయోగిక పరీక్షను పెట్టింది.

పరీక్ష కన్నా ముందు కాగితాల పని ఉంటుంది. సర్టిఫికెట్ నకలును అభ్యర్థి తానే పంపితే సాధారణంగా చెల్లదు. కళాశాల మార్కుల వివరాలు, రాష్ట్ర కౌన్సిల్ ధ్రువీకరణ ఆ సంస్థల నుంచే నేరుగా విదేశీ సంస్థకు చేరాలి. నర్సు తన విద్యను తానే రుజువు చేసుకోలేదు. ఆమె తరఫున ఒక కార్యాలయం మాట్లాడాలి. పదేళ్ల అనుభవమున్న నర్సు కూడా ఆ ఒక్క కవరు కోసం ఎదురుచూడక తప్పదు.

గల్ఫ్ దేశాల కథ వేరు. అక్కడ కూడా లైసెన్సు పరీక్షలున్నాయి గానీ, ఎక్కువ దోపిడీ జరిగింది ఏజెంట్ల దగ్గర. నియామకాల పేరిట భారీ వసూళ్లు బయటపడటంతో కేంద్ర ప్రభుత్వం 2015లో, వలస అనుమతి అవసరమైన దేశాలకు నర్సుల నియామకాన్ని ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేసింది. ఇక 1947 చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. రాష్ట్రాల రిజిస్టర్లతో పాటు జాతీయ రిజిస్టరు ఒకటి ఉండాలని అది చెబుతుంది.

అభ్యాసం: మీకు తెలిసిన నర్సు ఎవరైనా ఉంటే ఆమె అనుమతితో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూడండి. దాన్ని ఇచ్చిన కౌన్సిల్ ఏది, ఏ సంవత్సరంలో ఇచ్చింది, ఆ నాటికి మన రాష్ట్ర ఎల్లలు ఏమిటి అన్నవి మీ నోటు పుస్తకంలో రాసుకోండి.