ముసలోళ్ళని చూసుకోవడానికి కూడా చదువు కావాలా? ఒక సిలబస్ వెనక ఉన్న చరిత్ర | ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్

 

ఈ రోజు టాపిక్ ఎలా వచ్చిందో ముందు చెప్తాను. మా బీటెక్ బ్యాచ్‌మేట్ ఒకమ్మాయి అమెరికాలో, ఒహాయోలో ఉంటుంది. నాలాగే కొన్నేళ్ళు కోడింగ్ చేసింది. ఈ మధ్య ఫోన్ చేసి, "ఏజింగ్ అండ్ హెల్త్ కేర్ అడ్మినిస్ట్రేషన్‌లో గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ చేస్తున్నా రా" అంది. అంటే వయసు పైబడటం, ఆ వయసులో కావాల్సిన వైద్యం, ఆ సేవలు అందించే సంస్థలను నడపడం, ఈ మూడూ కలిపి నేర్పే చిన్న కోర్సు. డిగ్రీ అయ్యాక చేస్తారు. మాస్టర్స్ అంత పెద్దది కాదు. మామూలుగా 12 నుంచి 18 క్రెడిట్లు, అంటే నాలుగు నుంచి ఆరు సబ్జెక్టులు.

వాళ్ళమ్మగారు గుడివాడలో ఒక్కరే ఉంటారు. ఈ కోర్సు సంగతి విని ఆవిడ అడిగిన మాట ఇది: "బీటెక్ చదివి ఇదేం కోర్సే? ముసలోళ్ళని చూసుకోవడానికి కూడా చదువు కావాలా?"

నేను కూడా నవ్వేశాను. తర్వాత సిలబస్ పంపమన్నాను. చదువుతుంటే నవ్వు ఆగిపోయింది.

మీలో సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది. పాత కోడ్‌లో ఎందుకు పెట్టారో అర్థంకాని ఒక చెక్ కనిపిస్తుంది. తీసేద్దాం అనుకుంటాం. ఈలోగా సీనియర్ ఒకాయన వచ్చి, "బాబూ, దాన్ని ముట్టుకోకు, ఒకసారి ప్రొడక్షన్ మొత్తం పడిపోయాక పెట్టాం" అంటాడు. ఈ సిలబస్ కూడా అంతే. ఫైర్ సేఫ్టీ, రెసిడెంట్ల హక్కులు, లైసెన్సింగ్... ప్రతి టాపిక్ వెనకా ఏదో ఒకటి పడిపోయి ఉంది. ఇక్కడ పడిపోయింది సర్వర్ కాదు, మనుషులు.

సరే, కథ మొదట్నుంచి చూద్దాం.

1935కి ముందు అమెరికాలో డబ్బూ, చూసేవాళ్ళూ లేని ముసలివాళ్ళకి చివరి గతి పూర్‌హౌస్. కౌంటీలు నడిపే బీదల ఇళ్ళు. అక్కడికి వెళ్ళడమంటే పరువు పోయినట్టే. 1935 ఆగస్టు 14న ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ సోషల్ సెక్యూరిటీ చట్టం మీద సంతకం పెట్టాడు. పేద వృద్ధులకి నెలనెలా సాయం వచ్చే ఏర్పాటు కూడా అందులో ఉంది. కానీ ఒక కండిషన్ పెట్టారు: ప్రభుత్వ సంస్థల్లో ఉండేవాళ్ళకి ఆ డబ్బు ఇవ్వరు. పూర్‌హౌస్‌లు మూతపడాలన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే.

జరిగిందేంటంటే, ముసలివాళ్ళు పూర్‌హౌస్ వదిలి ప్రైవేటు ఇళ్ళలో చేరారు. గదులు అద్దెకిచ్చి భోజనం పెట్టే ఇళ్ళు అవి. కొందరు ఒక నర్సుని పెట్టుకుని నర్సింగ్ హోమ్ అని బోర్డు పెట్టారు. అలా ఒక పెద్ద వ్యాపారం పుట్టింది. దాన్ని నడిపే మనిషికి ఏం తెలిసుండాలి అన్నది మాత్రం ఎవరూ అడగలేదు.

విచిత్రం ఏంటంటే, హాస్పిటల్ నడపడం ఒక చదువు అని అప్పటికే ఒప్పుకున్నారు. 1934లోనే యూనివర్సిటీ ఆఫ్ చికాగోలో మైఖేల్ డేవిస్ అనే ఆయన హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో గ్రాడ్యుయేట్ కోర్సు మొదలుపెట్టాడు. హాస్పిటల్‌కి చదువుకున్న మేనేజర్ కావాలి, ముసలివాళ్ళు ఏళ్ళ తరబడి బతికే ఇంటికి అక్కర్లేదు. అప్పటి లెక్క అది.

ఆ లెక్క ఖరీదు ఎంతో ఇప్పుడు చెప్తాను.

1957 ఫిబ్రవరి 17, మిస్సోరీలోని వారెన్‌టన్. కేటీ జేన్ నర్సింగ్ హోమ్‌లో మంటలు లేచాయి. 72 మంది చనిపోయారు. ఆరేళ్ళ తర్వాత, 1963 నవంబర్ 23, ఒహాయోలోని ఫిచ్‌విల్. గోల్డెన్ ఏజ్ నర్సింగ్ హోమ్‌లో తెల్లవారుజామున నిప్పంటుకుంది. 63 మంది చనిపోయారు.

ఆ రెండో తేదీ మళ్ళీ చూడండి. ముందు రోజే ప్రెసిడెంట్ కెన్నెడీని కాల్చి చంపారు. దేశం మొత్తం ఆ వార్తలోనే ఉంది. ఒకే చోట 63 మంది పోయిన సంగతి ఆ వార్తల కింద కొట్టుకుపోయింది. మా ఫ్రెండ్ ఉండేది ఒహాయోలోనే కదా, క్లాసులో ఈ కేసు చెప్పేదాకా తనకీ తెలీదట.

తర్వాత 1965. ఆ జూలై 30న ప్రెసిడెంట్ జాన్సన్ మెడికేర్, మెడికెయిడ్ చట్టం మీద సంతకం పెట్టాడు. ఇక్కడ చాలామంది కన్‌ఫ్యూజ్ అవుతారు. మెడికేర్ ప్రధానంగా 65 దాటినవాళ్ళ వైద్యం కోసం. నర్సింగ్ హోమ్‌లో కొద్ది రోజుల ట్రీట్‌మెంట్‌కి అయితే ఇస్తుంది. ఏళ్ళ తరబడి అక్కడే ఉండాల్సిన పేదవాళ్ళకి డబ్బు కట్టేది మెడికెయిడ్. అదే నెలలో ఓల్డర్ అమెరికన్స్ యాక్ట్ కూడా వచ్చింది. వృద్ధుల సేవలతో పాటు, ఈ రంగంలో రీసెర్చ్‌కీ ట్రైనింగ్‌కీ అది గ్రాంట్లు ఇచ్చింది.

ఇప్పుడు ప్రభుత్వం డబ్బు లోపలికి వస్తోంది. మరి తేడా వస్తే ఎవర్ని అడగాలి? 1967 నాటి సోషల్ సెక్యూరిటీ సవరణలు దీనికి జవాబిచ్చాయి. మెడికెయిడ్ నడిపే రాష్ట్రాలు నర్సింగ్ హోమ్ అడ్మినిస్ట్రేటర్లకి లైసెన్స్ పద్ధతి పెట్టి తీరాలన్నాయి. ఇది వినండి: అమెరికాలో పెద్ద కార్పొరేట్ హాస్పిటల్ సీఈవోకి ఇలాంటి లైసెన్స్ అక్కర్లేదు. నర్సింగ్ హోమ్ నడిపే మనిషికి కావాలి.

లైసెన్స్ అంటే పరీక్ష. పరీక్ష అంటే సిలబస్. సిలబస్ అంటే నేర్పే కాలేజీ. 1975లో యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో దేశంలోనే మొదటి జెరంటాలజీ స్కూల్ వచ్చింది. జెరంటాలజీ అంటే ముసలితనం గురించిన శాస్త్రం. ఆ తర్వాత మిగతా యూనివర్సిటీలు కూడా కోర్సులు పెట్టాయి. ఉద్యోగం చేస్తూ చదువుకునేవాళ్ళ కోసం చిన్న సర్టిఫికెట్లు కూడా వచ్చాయి. ఒక జాగ్రత్త: సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే లైసెన్స్ వచ్చేయదు. రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి, పరీక్ష ఉంటుంది, చాలా చోట్ల ఇంటర్న్‌షిప్ కూడా అడుగుతారు. చేరే ముందు కనుక్కోండి.

లైసెన్స్ వచ్చాక అంతా బాగైపోయిందా? లేదు. ముసలివాళ్ళు కదలకుండా మంచానికో కుర్చీకో కట్టేయడం మామూలుగా జరిగేది. సిబ్బంది తక్కువ, పని ఎక్కువ, కట్టేస్తే సులువు. 1987లో వచ్చిన ఫెడరల్ చట్టం అలా సిబ్బంది సౌకర్యం కోసం కట్టేయకూడదంది. రోజూ దగ్గరుండి చూసుకునే నర్స్ ఎయిడ్‌లకి కనీసం 75 గంటల ట్రైనింగ్ ఉండాలంది.

మరి మంటల సంగతి? 2003లో హార్ట్‌ఫర్డ్, నాష్‌విల్ ఊళ్ళలో మళ్ళీ నర్సింగ్ హోమ్‌లు కాలి మనుషులు పోయారు. మెడికేర్, మెడికెయిడ్ డబ్బు తీసుకునే ప్రతి నర్సింగ్ హోమ్‌లోనూ స్ప్రింక్లర్లు ఉండాలనే రూల్ గడువు ఎప్పటికి ముగిసిందో తెలుసా? 2013 ఆగస్టుకి. ఫిచ్‌విల్ కాలిపోయి అప్పటికి దాదాపు 50 ఏళ్ళు.

ఇప్పుడు గుడివాడ ఆంటీ ప్రశ్నకి వద్దాం. చూసుకోవడానికి చదువు కావాలా? మనకి అక్కర్లేదు అనిపించడానికి కారణం ఉంది. ఆ పని ఇన్నాళ్ళూ ఇంట్లో ఒక కోడలో, కూతురో, భార్యో జీతం లేకుండా చేసింది. మందుల టైమ్, పత్యం, రాత్రి లేపి బాత్రూమ్‌కి తీసుకెళ్ళడం... అన్నీ ఆవిడ తలలోనే ఉండేవి. అది నేర్చుకున్న విద్య అని మనం ఎప్పుడూ లెక్కలో వేయలేదు. ఇప్పుడు ఆ కూతురు ఒహాయోలో ఉంది.

మన దేశంలో డాక్టర్ల వైపు పని మొదలైంది. మద్రాసు జనరల్ హాస్పిటల్‌లో డాక్టర్ వి.ఎస్. నటరాజన్ 1978లోనే వృద్ధులకి ప్రత్యేక ఓపీ తెరిచారు. 1996లో మద్రాసు మెడికల్ కాలేజీలో జెరియాట్రిక్స్‌లో ఎండీ వచ్చింది. 2007 నాటి తల్లిదండ్రుల, సీనియర్ సిటిజన్ల చట్టం జిల్లాకి కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మంది నిరుపేదలకి చోటు అని రాసింది. బిల్డింగ్ గురించి, పడకల గురించి ఆలోచించాం. దాన్ని నడిపే మనిషికి ఏం తెలిసుండాలన్న ప్రశ్న దగ్గర మనం ఇంకా వెనకే ఉన్నాం.

అందుకే మీ ఇంట్లో ఎవరినైనా ఏదైనా హోమ్‌లో చేర్చాల్సి వస్తే, లాన్, ఏసీ, టీవీ చూసి వచ్చేయకండి. నాలుగు అడగండి. రాత్రి ఎంతమంది స్టాఫ్ ఉంటారు? మంట వస్తే నడవలేని వాళ్ళని బయటికి తెచ్చేది ఎవరు, ఏ దారిన? ఎవరినైనా కట్టేసే అలవాటు ఉందా? ఏదైనా జరిగితే పేరు పెట్టి అడగడానికి బాధ్యుడు ఎవరు? ఈ నాలుగూ నా సొంతం కావు. పైన చెప్పిన చరిత్రలోంచి వచ్చినవే.

మా ఫ్రెండ్ వాళ్ళమ్మకి ఫిచ్‌విల్ సంగతి ఫోన్‌లో చెప్పిందట. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదట. తర్వాత, "సరే, ఫీజు ఎంత కట్టాలి?" అని అడిగారట.

ఈ ఎపిసోడ్ మీ అన్నయ్యకో అక్కకో పంపండి. అమ్మానాన్నల గురించి ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడుకోవాల్సిందే కదా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.