మన్నెపు పితూరీలో తూటాల లెక్క

అల్లూరి సీతారామరాజుగారి కథ గోదావరి మండలమున వినని ఊరు లేదు. ఆయన విల్లంబులు, కాషాయాంబరములు, మిరపకాయ టపాలు అందఱి నోళ్లలోను నానినవే. నేడు నేను ప్రసంగింపబూనినది ఆ కథలో ఎవరును పాడని భాగము. అది తూటాల లెక్క. ఆ పోరు ఎన్నాళ్లు సాగవలెనో శౌర్యముతోపాటు సంచిలో మిగిలిన తూటాలు కూడ నిర్ణయించినవని నా తలంపు.

ముందుగా పాత తుపాకి సంగతి చెప్పవలెను. 1879వ సంవత్సరమున రంప దేశమువారు మన్సబుదారు దౌష్ట్యమును, కల్లుపై పన్నును సహింపలేక తిరుగబడినప్పుడు మన్నెమునందలి తుపాకులు జామగరి తుపాకులు. వానిని మూతినుండి కూరవలెను. మందునకు వలసినవి మూడే వస్తువులు: పెట్లుప్పు, గంధకము, బొగ్గు. పాటిమట్టిని కడిగి కాచి పెట్లుప్పు తీయుదురు. బొగ్గునకు జిల్లేటి కఱ్ఱ ఉన్నది. గంధకమును సీసమును సంతలో దొరకును. అంతకు ముందటి యేడు, అనగా 1878లో, ఆయుధముల చట్టము వచ్చి తుపాకికి లైసెన్సు కావలసివచ్చినను, మందు నూఱు విద్యను ఏ చట్టమును మఱపింపజాలదు గదా! కావున ఆనాటి పితూరీదారుడు తన మందును తానే సిద్ధపఱచుకొనగలిగెను.

1922 నాటికి ఈ స్థితి మాఱిపోయెను. పోలీసుల తుపాకి వెనుకనుండి తూటా పెట్టునది. తూటా యనగా ఒక ఇత్తడి గొట్టము. దాని అడుగున కేపు, లోపల మందు, మూతియందు గుండు. కేపుపై సూది కొట్టగానే మందంటుకొనును. ఆ వాయువుల ఒత్తిడికి ఇత్తడి ఉబ్బి గొట్టపుగదిని మూసివైచి, పొగను వెనుకకు రానీయక, మరుక్షణమున మరల ముడుచుకొని వెలుపలికి వచ్చును. గుండు పోవును, గొట్టము మిగులును. ఆ మిగిలినదానిలో క్రొత్త కేపును, మందును, గుండును అమర్చినచో మరల తూటాయే. అమెరికా సైన్యమువారు 1880 దశకమున గుఱి అభ్యాసమునకు ఇట్లే గొట్టములను భద్రపఱచి మరల మరల నింపుకొనిరి.

ఐతే ఇత్తడికి ఒక గుణమున్నది. పేలినకొలదిని అది గట్టిపడి మూతివద్ద పగులును. అజ్జరపు కంచరివారికి ఇది వేఱుగ చెప్పనక్కఱలేదు: సుత్తిదెబ్బలు తినిన ఇత్తడిని నిప్పులో కాల్చి మెత్తబఱచిననే గాని చెంబు సాగదు. ఆ నేర్పు మన గోదావరి తీరమున లేకపోలేదు. లేనిది కేపులోని మందు. అది పాదరసమునుండి పుట్టు ఘోరమైన రసాయనము. పెట్లుప్పువలె మట్టినుండి తీయునది కాదు. పైగా ఒక వింత కలదు. కేపు అమరికలో రెండు తెగలున్నవి. ఒకటి ఇంగ్లండునందలి బాక్సరుది, రెండవది అమెరికావాడైన బెర్డనుది. అమెరికావారు ఇంగ్లీషువాని పద్ధతిని చేపట్టిరి. ఇంగ్లీషువారు తమ 303 తూటాకు అమెరికావాని పద్ధతిని చేపట్టిరి! మొదటి పద్ధతిలో నడుమ నొక్కటే రంధ్రము గనుక పాతకేపును ఒక చువ్వతో త్రోసివేయవచ్చును. రెండవదానిలో అట్లు త్రోయుటకు వీలులేదు. మన దేశపు సర్కారు తూటాలు కిర్కీ, డండం కార్ఖానాలనుండి వచ్చునవి. ఆ కార్ఖానాల తాళము తెల్లవారి చేతిలో నుండెను.

అందుచేతనే రాజుగారు మొట్టమొదట ఠాణాలపై బడిరి. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు దినములలో 26 తుపాకులును, సుమారు 2,500 తూటాలును చేజిక్కెను. తీసికొన్న సరకు పట్టీని ఠాణాలో వ్రాసియిచ్చి సంతకము కూడ చేసిరి. భాగించి చూడుడు: తుపాకికి నూఱు తూటాలైనను రావు. పది తూటాల అఱగల తుపాకి నాడు సైన్యములలో నుండెను. దానితో కాల్చినచో ఆ నూఱును ఒక పూట పనియే.

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ముందు నడచు భారతీయ సిపాయీలను పోనిచ్చి, స్కాటు కవర్డు, హైటరు అను ఇద్దరు దొరలను మాత్రమే పడగొట్టిరి. దీనిని రాజుగారి దయాగుణమునకు దృష్టాంతముగ చెప్పుదురు. నిజమే. కాని అందు పొదుపును ఉన్నదని నాకు తోచును. ఆ నాయకుడు ఒక్కొక్క గుండునకు విలువ కట్టి కాల్పించెను.

సర్కారువారును ఈ లెక్కను గ్రహించిరి. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరము ఠాణాలపై బడునప్పటికి ఆయుధములు ముందే తరలింపబడియుండెను. రెండుచోట్లను ఒక్క తూటాయైన దొరకలేదు. ఇక వచ్చునది లేదు, వ్యయమగుటయే. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెమువద్ద పోరులో కొందఱు మడిసిరి. సంపాదించిన తుపాకులలో కొన్ని తిరిగి శత్రువుల పాలయ్యెను. మలబారు పోలీసుల తరువాత అస్సాము రైఫిల్సు దిగెను. వారికి వెనుకనుండి బండ్లమీద తూటాలు వచ్చుచునే యుండెను. మన్నెపువారు మరల విల్లంబులను, నాటుతుపాకులను నమ్ముకొనవలసివచ్చెను.

1924 మే 7న రాజుగారు మంపవద్ద పట్టుబడి కొయ్యూరులో కాల్చి చంపబడిరి. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది. తూటాలకొఱకు రెండవనాడు ఆయన ముట్టడించిన ఠాణా ఆ ఊరిదే.